చేనుకు కావలి కరెంటు తీగ కాదు

పొద్దున్నే చేను కాడికి పోయేసరికి ఎవరో రాత్రికి రాత్రి నాగలి కట్టి దున్నిపోయినట్టు ఉంటుంది. ఊడలు దిగి, కాయ గింజ పట్టే వేళ. మొక్కలు వేళ్ళతో సహా పైకి లేచి, ఎండకు వాలిపోయి ఉంటాయి. కాయ ఒక్కటి కనిపించదు. మట్టిలో డెక్కల గుర్తులు మాత్రం కనిపిస్తాయి. అచ్చంపేట, బల్మూరు, లింగాల, అమ్రాబాద్, పదర మండలాల్లో పల్లి వేసిన రైతుకు ఈ సంగతి నేను చెప్పేదేముంది! గింజలకు పెట్టిన అప్పు తీరకముందే పంట పందుల పాలైతే ఆ ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగదు.

ఆ తర్వాత రైతు ఏం చేస్తున్నాడో కూడా అందరికీ తెలుసు. సాయంత్రానికి బైండింగ్ వైరు కట్ట ఒకటి తెస్తాడు. చుట్టూ మూరెడు ఎత్తున కట్టె గుంజలు పాతుతాడు. బోరు మోటరు స్టార్టర్ డబ్బా నుంచో, పైన పోయే లైను మీద కొక్కెం వేసో ఆ తీగకు కరెంటు ఇచ్చి ఇంటికొచ్చి పడుకుంటాడు. ఈ వారం నేను రాస్తున్నది ఆ తీగ గురించే. ఆ తీగను చూడగానే నాకు పైన గట్టు మీదున్న అడవి గుర్తుకొస్తుంది, ఎందుకో చివరిదాకా చదివితే మీకే అర్థమవుతుంది.

మొన్నటి యాసంగిలో మా పక్క మండలంలో ఒక చావు జరిగింది. ఊరి పేరు, మనిషి పేరు రాయను, ఆ రెండు కుటుంబాలూ ఇంకా అదే వాడలో ఎదురెదురుగా ఉంటున్నాయి. తెల్లవారుజామున ఒకాయన మడికి నీళ్ళు మళ్ళిద్దామని పోయాడు. తన గెట్టు మీద నడిస్తే దూరమని పక్క చేను గెట్టు తొక్కాడు. తీగ కాలికి తగిలింది. తీగ కట్టినాయన ఎవరో కాదు, చనిపోయినాయనకు వరసకు తమ్ముడు. ఇద్దరూ కలిసి బోరు వేసుకున్నవాళ్ళు. నేను పోయేసరికి పోలీసులు తీగ చుట్ట చుడుతున్నారు. తమ్ముడి వరసాయన గెట్టు మీద కూలబడి, అన్నా పందుల కోసం కట్టిన, పందుల కోసం కట్టిన అని ఒకటే మాట. ఒక ఇంట్లో మగదిక్కు మట్టిలో కలిసింది, ఇంకో ఇంట్లో మగదిక్కు జైలుకు పోయింది. పందులు ఆ రాత్రి ఇంకో చేలో మేశాయి.

ఇంతకుముందు వ్యవసాయ కరెంటు కొన్ని గంటలే ఉండేది. తీగ కట్టినా సగం రాత్రి అది చచ్చిన తీగే. 2018 జనవరి నుంచి ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చింది. రైతుకు అది మేలే, కాదనను. కానీ తీగ ఇప్పుడు రాత్రంతా బతికే ఉంటుంది. మంచె మీద పడుకుని డబ్బా కొట్టే కావలి పోయి, కంటికి కనపడని కావలి వచ్చింది. ఆ కావలికి పంది ఏదో, పాలేరు ఏవడో, ఇంటి కుక్క ఏదో, చిరుతపులి ఏదో తెలియదు.

ఇక గట్టు ఎక్కుదాం రండి.

అచ్చంపేట నుంచి శ్రీశైలం తోవ పట్టి మన్ననూరు దాకా వస్తే గట్టు ఎక్కినట్టే. మన్ననూరు దగ్గర ఎడమకు తిరిగితే అమ్రాబాద్, పదర. అక్కడ చేలున్నాయి, ఊళ్ళున్నాయి, తండాలున్నాయి. తిన్నగా పోతే చెక్‌పోస్టు, దాని తర్వాత ఫరహాబాద్, వటవర్లపల్లి, దోమలపెంట. రాత్రి 9 దాటితే పొద్దున 6 దాకా ఆ రోడ్డు మూసేస్తారు. శ్రీశైలం పోయే భక్తులు విసుక్కుంటారు గానీ, రాత్రిపూట ఆ రోడ్డు జంతువులది.

గట్టు అంటే మొనదేలిన కొండ అనుకునేరు. పైకి ఎక్కితే బల్లపరుపు నేల. అందుకే దీన్ని అమ్రాబాద్ పీఠభూమి అన్నారు. కింద పలుగురాయి పలకలు, వాటి మీద పల్చటి మన్ను. ఆ పల్చటి మన్ను మీదే నల్లమద్ది, చిరుమాను, ఏగిస, టేకు, బిల్లుడు, తునికి, ఇప్ప, రేల, ఉసిరి, మధ్యలో వెదురు పొదలు, మనిషెత్తు బోద గడ్డి. ఎండాకాలంలో చూస్తే ఏం అడవి ఇది అనిపిస్తుంది, ఆకు ఒక్కటి ఉండదు. తొలకరి రెండు వానలు పడనియ్యండి, వారంలో గట్టు రంగు మారిపోతుంది. దక్షిణపు అంచుకు పోయి నిలబడితే నేల ఒక్కసారి తెగిపోతుంది, లోతున కృష్ణ. అవతలి ఒడ్డున మళ్ళీ అదే నల్లమల, నంద్యాల, ప్రకాశం, పల్నాడు జిల్లాల వైపు సాగిపోతుంది. అక్కడి కొండలు కొన్ని 3 వేల అడుగులు దాకా ఉంటాయి.

1978లో ఈ రెండు ఒడ్ల అడవినీ కలిపి అభయారణ్యం చేశారు. 1983లో పులుల సంరక్షణ కేంద్రమైంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు కృష్ణకు ఇవతలిది అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా మనకు మిగిలింది, సుమారు 2,600 చదరపు కిలోమీటర్లు. అవతలి వైపు ఉన్నదాన్ని కలిపితే 6 వేల చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువ. కాగితం మీద రెండు రాష్ట్రాలు గానీ పులికి ఆ గీత తెలియదు.

ఇందులో ఏమేమున్నాయో మన పిల్లలకు పుస్తకంలోని సింహం, జిరాఫీ తెలిసినంతగా తెలియదు. పెద్దపులి, చిరుత, గుంపుగా తిరిగే రేచుకుక్క, ఎలుగుబంటి, దుమ్ములగొండి. వీటి మేత కోసం దుప్పి, కణితి, మనుబోతు, నాలుగు కొమ్ముల కొండగొర్రె. చెట్టు మీద నుంచి చెట్టు మీదికి దూకే బెట్టుడుత. ఒళ్ళంతా పొలుసులుండే అలుగు, చీమలూ చెదలూ దాని తిండి. కృష్ణ నీళ్ళలో మొసళ్ళు, నీటికుక్కలు. కుందేలు కంటే కాస్త పెద్దదిగా ఉండే మూషిక జింక ఇక్కడ కనిపించకుండా పోతుంటే, హైదరాబాద్ జూలో పెంచి 2017లో తెచ్చి ఈ అడవిలో వదిలారు. జింకను జూ నుంచి అడవికి తేవడం మన దగ్గరే చూశాం. అడవి నుంచి జూకు పోయినవీ ఉన్నాయి, ఆ సంగతి ముందుకు పోయాక చెబుతాను.

అడవిపందీ ఈ అడవిదే. అది కొత్తగా వచ్చిన చుట్టం కాదు. ఒక్కో ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు, తిండి బాగా దొరికితే ఇంకా ఎక్కువ. మూడు నెలల ఇరవై రోజులు దాటగానే ఈనుతుంది. ఇంత వేగంగా పెరిగేదాన్ని అడవి తన లెక్కలో ఉంచుకున్నది ఎట్లా? తినేవాళ్ళు ఉన్నారు గనుక. పెద్దపులి ఏడాదికి దాదాపు 50 పెద్ద జంతువులను తింటుంది, వారానికి ఒకటి అనుకోండి. దాని తిండిలో దుప్పి, కణితితో పాటు పంది కూడా ఉంటుంది. రేచుకుక్కలు గుంపుగా తరిమి పడగొడతాయి. చిరుత పంది పిల్లల్ని ఎత్తుకుపోతుంది. తినే నోళ్ళు తగ్గితే ఏమవుతుందో లెక్క కట్టడానికి పెద్ద చదువు అక్కర లేదు.

2018 లెక్కల్లో తెలంగాణ మొత్తానికి 26 పులులని తేలింది. 2022 లెక్కల్లో 21. అదే నాలుగేళ్ళలో ఆంధ్రప్రదేశ్‌లో 48 నుంచి 63 అయ్యాయి, వాటిలో ఎక్కువ భాగం అవతలి ఒడ్డు నల్లమలవే. ఒకే అడవి, ఒకే నది. అక్కడ పెరిగాయి, మన రాష్ట్రంలో తగ్గాయి. మన 21లో కవ్వాల్ వైపువి కూడా ఉన్నాయన్నది మరవకండి.

ఇప్పుడు తీగ దగ్గరికి మళ్ళీ రండి. పంది ఏ గెట్టు వెంట చేలోకి వస్తుందో, దాన్ని వెతుక్కుంటూ చిరుత కూడా ఆ గెట్టు వెంటే వస్తుంది. తీగ మొదటి రాత్రి పందిని చంపితే చంపవచ్చు. రెండో రాత్రి పందిని తినేదాన్ని చంపుతుంది. పంది పోతే దాని స్థానంలో ఆరు పిల్లలు వస్తాయి. చిరుత పోతే అంత తొందరగా ఇంకోటి రాదు. ఆవుదూడను చిరుత పట్టిందని కళేబరానికి ఎండ్రిన్ లాంటి విషం పూసే పనీ ఇలాంటిదే. జీతం అడగకుండా మన చేనుకు కాపలా కాసేవాణ్ణి మన చేతులతో మనమే చంపుకుని, పందులు పెరిగాయని మొత్తుకుంటున్నాం. పులినో చిరుతనో చంపితే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు, ఆ మాట వేరే.

పులి పెరిగితే రేపటికే మీ చేలో పంది తగ్గుతుందని నేను చెప్పను. అట్లా చెబితే అబద్ధం. పందులు ఇప్పుడు అడవిలో లేవు, సగం మన ఊళ్ళలోనే కాపురం పెట్టాయి. చెరువు శిఖంలో, వాగు ఒడ్డున, బీడు భూముల్లో సర్కారు తుమ్మ ఇంత ఎత్తు పెరిగింది. పగలంతా అందులో పడుకుంటాయి, రాత్రి పక్కనే ఉన్న మక్కచేలో తింటాయి. అక్కడికి పులి రాదు, రానివ్వం కూడా. ఆ పందుల సంగతి మనమే చూసుకోవాలి, ఎట్లాగో కింద రాశాను. కానీ అడవి అంచున ఉన్న చేలకు అడవి నుంచి కొత్త మందలు దిగకుండా ఉండాలంటే, పైన తినే నోళ్ళు ఉండాలి, పైనే మేత, నీళ్ళు ఉండాలి.

పైన నీళ్ళు, మేత లేకుండా పోవడంలో మన చేయి లేదా? ఫిబ్రవరి వచ్చిందంటే గట్టు మీద మంటలు. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు కాలుస్తారు. కొత్త గడ్డి వస్తుందని పశువుల కాపరి ఎండు బోదకు నిప్పు పెడతాడు. బీడీ ముక్క ఆర్పకుండా పారేసేవాళ్ళు, చేలో చెత్తకు పెట్టిన నిప్పును వదిలి ఇంటికొచ్చేవాళ్ళు వేరే. బోద కాలితే దుప్పికి మేత లేదు. ఆకు కాలితే మన్ను మీద కప్పు లేదు. దప్పికైన జంతువు ఎటు పోతుంది? కిందికి, మన బోరు దగ్గరి తొట్టికి. అటవీ శాఖ సాసర్ తొట్లు కట్టి ట్యాంకర్లతో నీళ్ళు పోస్తున్నది, అక్కడక్కడ సోలార్ బోర్లు వేసింది. మంచిదే. మంట పెట్టకపోతే అందులో సగం పని తప్పేది.

ఇక్కడ ఒక పాత సంగతి గుర్తు చేయాలి, కొందరికి నచ్చకపోవచ్చు. 2019లో ఈ గట్టు మీద యురేనియం కోసం బోర్లు వేస్తారన్న మాట వచ్చింది. అమ్రాబాద్, పదర రైతులు, చెంచులు, తండాల వాళ్ళు, చదువుకునే పిల్లలు అందరూ రోడ్డెక్కారు. నల్లమల మాది అన్నారు. ఆ సెప్టెంబరులో శాసనసభ తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. అప్పుడు ఆ గుంపులో నేనూ నడిచాను, వార్తలు రాశాను. అప్పుడు అడవి మనదైతే, యాసంగి రాగానే అది ఎవరిదైంది? కంపెనీ వస్తే మన అడవి, పంది వస్తే సర్కారు అడవి. ఈ రెండు నాలుకల మాట మనం ఒప్పుకుని తీరాలి.

అడవి మనకేమిచ్చిందని అడిగే రైతులున్నారు. అందులో తప్పు లేదు, పంట పోయినవాడు అడుగుతాడు. సమాధానం నీళ్ళలో ఉంది. గట్టు మీద పడిన వాన ఆకుల కప్పు మీద పడి, మెల్లగా మన్నులోకి ఇంకి, రాతి పగుళ్ళలో నిలిచి, ఊటగా దిగుతుంది. ఉత్తరపు వాలున దిగింది వాగుల్లో కలిసి డిండి వైపు పోతుంది, దక్షిణాన దిగింది నేరుగా కృష్ణలో పడుతుంది. మధ్యలో కుంటలు, చెరువులు, మన బోర్లు. సలేశ్వరం జాతరకు చైత్ర పున్నమికి పోయినవాళ్ళకు తెలుసు. మండుటెండల్లో, బండలు కాలుతున్న రోజుల్లో కూడా ఆ లొద్దిలో పైనుంచి నీళ్ళు దూకుతూనే ఉంటాయి. ఆ నీళ్ళు ఎండాకాలంలో మబ్బులోంచి రాలేదు గదా! పోయిన వానాకాలపు వాన అది, గట్టు దాచిపెట్టింది.

కృష్ణ అవతల ఈ సంగతి ఇంకా బాగా కనిపిస్తుంది. మహానంది కోనేట్లో ఏడాది పొడుగునా ఊట ఆగదు, ఆ నీళ్ళతోనే కింద అరటి తోటలు, వరి మళ్ళు పారుతున్నాయి. గుండ్లకమ్మ పుట్టింది నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర. అది కొండలు దిగి కంభం చెరువు నింపుతుంది. ఆ చెరువును 16వ శతాబ్దంలో శ్రీకృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. ఐదు వందల ఏళ్ళుగా రైతు దాని కింద వరి పండిస్తున్నాడంటే, కట్ట గట్టిగా ఉన్నందుకే కాదు, వెనకాల అడవి ఉన్నందుకు. చెరువు కట్టించినామెను గుర్తు పెట్టుకున్నాం, అడవిని మరిచిపోయాం.

ఇంకో చిన్న సంగతి. పొద్దుతిరుగుడు, కుసుమ వేసిన రైతులు పువ్వు మీద వాలే పెద్ద తేనెటీగలను చూసే ఉంటారు. అవి కొండ చరియలకు, పెద్ద చెట్ల కొమ్మలకు పట్టు పెట్టేవి. చెంచులు తాళ్ళు కట్టుకుని లొద్దుల్లోకి దిగి తీసే తేనె వాటిదే. ఆ ఈగ వాలకపోతే పొద్దుతిరుగుడులో తాలు ఎక్కువ. దానికి మనం కూలి ఇవ్వడం లేదు.

పశువుల మాట కూడా చెప్పుకోవాలి. తెల్లటి ఒళ్ళు మీద గోధుమ రంగు పొడలుండే పొడ తూర్పు జాతి ఈ అమ్రాబాద్ గట్టు జాతే. ఎండకు, రాళ్ళకు, పలచటి మేతకు తట్టుకుని దుక్కి దున్నే ఎడ్లు. ఈ మధ్యనే దీన్ని దేశంలోని ప్రత్యేక పశుజాతుల్లో ఒకటిగా నమోదు చేశారు. కురుమూర్తి జాతరలో ఈ కోడెల కోసం దూరం నుంచి రైతులు వస్తారు. మేపింది ఎవరు? తండాల లంబాడీలు, గొల్లలు, చెంచులు. ఎక్కడ మేపారు? ఈ అడవిలో. పులి ఉన్న అడవిలోనే ఆ మందలు తరతరాలుగా పెరిగాయి. అప్పుడప్పుడూ ఒక దూడ పోయేది, పోయిందని మంద మానుకోలేదు. మేపేవాళ్ళకూ అటవీ శాఖకూ ఈ మేత మీద తగాదా ఉంది. అది పెద్ద కథ, లోపలి ఊళ్ళను కిందికి దించే సంగతి కూడా అందులోనే వస్తుంది, ఇంకో వారం రాస్తాను.

సరే, తీగ తీసేస్తే చేను ఎట్లా కాపాడుకోవాలి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా తీగ తీయండి అనడం నాకు ఇష్టం లేదు.

పందికి కంటి చూపు తక్కువ, ముక్కు మాత్రం గట్టిది. చెవి కూడా. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఈ ముక్కును పట్టుకునే చాలా ఏళ్ళు పని చేశారు. యాసంగి పల్లి చుట్టూ నాలుగు వరసలు కుసుమ ఒత్తుగా వేయమంటారు. కుసుమ ముళ్ళు పంది మూతికి గుచ్చుకుంటాయి, పల్లి వాసనా అంతగా బయటికి రాదు. పల్లితో పాటే కుసుమా యాసంగికి వస్తుంది గనుక అదును కుదురుతుంది, నూనె గింజలు అదనం. మక్క చుట్టూ అయితే ఆముదం నాలుగు వరసలు. విత్తేటప్పుడే చుట్టూ వేయాలి. పందులు పడ్డాక వేస్తే ఏం లాభం? మంగలి షాపు నుంచి వెంట్రుకలు తెచ్చి చల్లడం, కోడిగుడ్ల ద్రావణం కొట్టడం, పాత చీరలు కట్టడం, ఇవి కొన్నాళ్ళు పనిచేస్తాయి. తర్వాత పంది నేర్చుకుంటుంది, చీర కిందనుంచే దూరుతుంది. అందుకని ఒకటే పద్ధతి పట్టుకుని కూర్చోకుండా మారుస్తుండాలి. వెనకటి రోజుల్లో ఫోరేట్ గుళికలను ఇసుకలో కలిపి పొట్లాలు కట్టి వేలాడదీయమనేవాళ్ళు, ఇప్పటికీ కొందరు అదే చెబుతున్నారు. ఫోరేట్‌ను 2020 డిసెంబరు చివరి నుంచి దేశంలో నిషేధించారు. ఎవరన్నా అమ్మితే కొనకండి.

అన్నిటికంటే నమ్మకమైనది సోలార్ కంచె. దీంట్లోనూ కరెంటు ఉంటుంది గదా అంటారు. తేడా ఉంది. లైను కరెంటు తీగలో ఎడతెగకుండా పారుతుంది, పట్టుకున్నవాణ్ణి వదలదు. సోలార్ కంచెలో బ్యాటరీ నుంచి ఒక పెట్టె ద్వారా క్షణానికి ఒకసారి, కన్నుమూసి తెరిచేంత కూడా కాకుండా, ఒక్క దెబ్బ వదులుతుంది. కొడుతుంది, భయపెడుతుంది, వదిలేస్తుంది. పంది అటు రాదు, మనిషి చావడు. సోలార్ పెట్టె కొన్నాం గదా అని దాని తీగను లైనుకు కలిపే తెలివిమంతులూ ఉన్నారు. అట్లా చేస్తే అది మళ్ళీ ఉరితాడే.

ఖర్చు ఎక్కువ, ఒక్కడి వల్ల కాదు, నిజమే. అందుకే ఒక లెక్క చెబుతాను, కాగితం మీద వేసి చూసుకోండి. నలుచదరంగా ఉన్న ఒక ఎకరం చుట్టూ తిరిగితే సుమారు 254 మీటర్లు. అదే 50 ఎకరాల చెలక మొత్తం కలిపి ఒకటే కంచె వేస్తే చుట్టుకొలత సుమారు 1,800 మీటర్లు, అంటే ఎకరానికి 36 మీటర్లు. ఏడో వంతు. రెండెకరాల రైతులు పాతిక మంది కలిస్తే కంచె ఖర్చు ఐదింట ఒక వంతుకు దిగుతుంది. పైగా ఒక్కడే కంచె వేసుకుంటే పంది పక్కవాడి చేలో పడుతుంది, గెట్టు తగాదా పెరుగుతుంది. కలవడమే మనవాళ్ళకు కష్టం, అది నాకూ తెలుసు. దేవుడి పెళ్ళికి చందా వసూలు చేసుకోగలిగిన ఊరు కంచెకు చేసుకోలేదా?

పందులు మరీ మితిమీరిన చోట అనుమతి తీసుకుని, అధికారులు ఒప్పుకున్న తుపాకీవాళ్ళ చేత కాల్పించే వీలు చట్టంలోనే ఉంది. ఉచ్చు, తీగ, నాటుబాంబు పెట్టడానికి మాత్రం ఎవరూ అనుమతి ఇవ్వరు. నాటుబాంబు కొరికిన పంది కంటే, కొరికిన ఆవులనే నేను ఎక్కువ చూశాను.

ఇంతదాకా రైతును అన్నాను. ఇప్పుడు సర్కారును అనాలి. అడవి అందరిదీ అయినప్పుడు, దాని బరువు అంచున ఉన్న రెండెకరాల రైతు ఒక్కడి మీదే ఎందుకు పడాలి? హైదరాబాద్ నుంచి పులిని చూద్దామని జీపు సఫారీకి వచ్చేవాళ్ళకు అడవి అందం. పదరలో పల్లి వేసినవాడికి అదే అడవి రాత్రి నిద్ర లేకపోవడం. పంట నష్టానికి పరిహారం ఉంది, లేదనడం లేదు. కానీ అర్జీ పెట్టిన రైతు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరిగే తిరుగుడు చూస్తే, బస్సు చార్జీలకే పరిహారం సరిపోయేట్టుంది. మేం చూడాల్సిన పని కాదు, వాళ్ళు చూడాలి అని ఒకరు, వాళ్ళు సంతకం పెడితే మేం పెడతాం అని ఒకరు. ఈలోగా రైతు చేను దున్నేస్తాడు, నష్టం ఎక్కడుందని అప్పుడొచ్చి అడుగుతారు. పరిహారం నెల లోపల చేతికి వస్తే, తీగ కట్టేవాళ్ళలో సగం మంది కట్టరని నా గట్టి నమ్మకం. కౌలురైతు సంగతి ఇంకా దిక్కుమాలింది. పంట వాడిది, పాసుపుస్తకం ఆసామిది. పంది ఎవరి కష్టం తిన్నదో అందరికీ తెలుసు, డబ్బు మాత్రం పేరున్న ఖాతాలో పడుతుంది.

అడవి జంతువుల వల్ల పోయిన పంటను కూడా పంటల బీమాలో చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది, 2026 వానాకాలం నుంచి అన్నది. నష్టం జరిగిన 72 గంటల లోపల చెప్పాలని షరతు. రాష్ట్రం పూనుకుని ఏ జంతువులు, ఏ మండలాలు అన్నది ప్రకటిస్తేనే ఇది మన దాకా వస్తుంది. అమ్రాబాద్ చుట్టూ ఉన్న మండలాల పేర్లు ఆ జాబితాలో ఉండేటట్టు చూడాల్సింది మన ప్రజాప్రతినిధులు. ఓట్లకు వచ్చినప్పుడు యురేనియం మేమే ఆపాం అని చెప్పుకున్నవాళ్ళు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు, వాళ్ళను ఇది కూడా అడగండి. గుంపుగా వేసుకునే సోలార్ కంచెకు రాయితీ అడగండి. చెరువు శిఖాల్లో సర్కారు తుమ్మ ఉపాధి హామీ కింద కొట్టించమని గ్రామసభలో రాయించండి.

జూకు పోయినవాటి సంగతి చెబుతానన్నాను. 2023 మార్చిలో కృష్ణ అవతల, నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురం ఊళ్ళో నాలుగు పులి కూనలు దొరికాయి. తల్లి ఎక్కడికి పోయిందో తెలియదు. ఊరివాళ్ళు వాటిని కొట్టలేదు, కుక్కలు పడకుండా ఒక గదిలో పెట్టి అటవీ శాఖకు కబురు చేశారు. అధికారులు రోజుల తరబడి తల్లి కోసం గాలించారు, కలపలేకపోయారు. చివరకు నాలుగింటినీ తిరుపతి జూకు పంపారు. ఆ ఊరివాళ్ళు కూడా మనలాంటి రైతులే, వాళ్ళ చేలల్లోనూ పందులు పడతాయి. ఆ రోజు ఆ గది తలుపు దగ్గర కాపలా ఉన్నవాళ్ళు నాకు తరచూ గుర్తుకొస్తారు.

ఈ యాసంగికి పల్లి వేసేవాళ్ళు కుసుమ గింజలు ఇప్పుడే చూసి పెట్టుకోండి. చేలో పంది పడిందని తెలియగానే దున్నవద్దు. డెక్కల గుర్తులు, లేచిన మొక్కలు కనపడేటట్టు సెల్‌ఫోనుతో ఫొటోలు తీయండి, గెట్టు రాయి గానీ బోరు గానీ అందులో కనపడాలి. అర్జీ రెండు కాపీలు రాయండి, ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకుని మీ దగ్గర పెట్టుకోండి. సర్వే నంబరు వేయడం మరవద్దు, కిందటేడు అది లేదనే చాలా అర్జీలు వెనక్కి వచ్చాయి.